సైట్ పడిపోతే ముందు మీకు తెలియాలా, కస్టమర్‌కా? అప్‌టైమ్ మానిటరింగ్ సేవల పోలిక

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు హోల్‌సేల్‌తో పాటు ఆన్‌లైన్‌లోనూ అమ్మే దుకాణం ఒకటి ఉందనుకోండి. దసరా ముందు శనివారం రాత్రి పదకొండింటికి డేటాబేస్ ఆగిపోయింది. హోమ్ పేజీ మాత్రం క్యాష్ నుంచి, అంటే ముందే దాచిపెట్టుకున్న కాపీ నుంచి, చక్కగా తెరుచుకుంటోంది. సరుకు బుట్టలో వేసుకుని డబ్బు కట్టబోయినవాళ్లకే ఎర్రర్. వాళ్లు ఫోన్ చేసి చెప్పరు, పక్క సైట్‌కి పోతారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇవాళ ఒక్క ఆర్డరూ పడలేదేమిటని యజమానికి అనుమానం వచ్చేసరికి పద్నాలుగు గంటలు గడిచిపోయాయి.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాకూడదనే అప్‌టైమ్ మానిటరింగ్ పెట్టుకుంటాం: సైట్ నడుస్తోందో లేదో బయటి నుంచి పదేపదే చూసి, పడితే కబురు చెప్పే సేవ. కానీ ఈ దుకాణానికి నెలకు వెయ్యి రూపాయల మానిటర్ ఉన్నా, అది హోమ్ పేజీని మాత్రమే చూస్తుంటే ఆ పద్నాలుగు గంటలూ అంతా బాగుందనే పచ్చచుక్కే చూపించేది. ఏ కంపెనీ సేవ అన్నది రెండో ప్రశ్న. దానిచేత ఏం చూపిస్తున్నాం, అది చూసింది మన చెవిన ఎలా పడుతుంది అన్నవే మొదటివి. ఈ రెండూ తేల్చుకున్నాక ధరల పట్టిక చూస్తే చాలా ప్లాన్లు వాటంతటవే పక్కకు పోతాయి.

నిమిషానికోసారా, ఐదు నిమిషాలకోసారా

అన్ని కంపెనీలూ ముందుగా అమ్మేది ఈ అంకెనే. ఐదు నిమిషాలకోసారి అంటే రోజుకు 288 పరీక్షలు, నిమిషానికోసారి అంటే 1,440. రెండు పరీక్షల మధ్య నాలుగు నిమిషాలు పడిపోయి లేచిన సైట్ ఐదు నిమిషాల మానిటర్‌కు అసలు కనపడకపోవచ్చు. సైట్‌ను తన సర్వర్లలో ఉంచే హోస్టింగ్ కంపెనీ, అది 99.9 శాతం సమయం నడుస్తుందని చెబితే 30 రోజుల నెలలో 43 నిమిషాల 12 సెకన్లు ఆగినా మాట తప్పనట్టే. 99 శాతమైతే 7 గంటల 12 నిమిషాలు. వాళ్లు మాట నిలబెట్టుకున్నారో లేదో ఐదు నిమిషాల కొలతతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. బిల్లులో తగ్గింపు కోసం వాదించాలంటే నిమిషం లెక్క కావాలి.

అయితే ఈ అంకె ఒక్కటే చూసి మోసపోకండి. ఒక్క పరీక్ష తప్పగానే అలర్ట్ పంపే సేవ ఉత్తుత్తికే నిద్ర లేపుతుంది. అందుకే చాలా సేవలు మళ్లీ ఒకటికి రెండుసార్లు, వీలైతే వేరే ఊరి సర్వర్ నుంచి చూసి నిర్ధారించుకుంటాయి. నిమిషానికోసారి చూస్తూ, తప్పాక మరో మూడుసార్లు నిమిషం చొప్పున చూడమని పెట్టారనుకోండి. పరీక్ష అయిన మరుక్షణం సైట్ పడితే అలర్ట్ వచ్చేసరికి నాలుగు నిమిషాలవుతుంది. వెంటనే వేరే చోటి నుంచి నిర్ధారించే ఐదు నిమిషాల ఉచిత ప్లాన్‌కీ దీనికీ తేడా ఒక నిమిషం చిల్లర. ఆ నిమిషానికి డబ్బు పెట్టే ముందు, రాత్రి అలర్ట్ వస్తే లేచి సర్వర్ చూసే మనిషి ఉన్నాడా అని మిమ్మల్ని మీరే అడగండి. లేకపోతే ఐదు నిమిషాలు చాలు.

పచ్చచుక్క ఎప్పుడు అబద్ధం చెబుతుంది

మామూలు పరీక్ష చూసేది సర్వర్ ఇచ్చే కోడ్‌ని. 200 వస్తే బాగుందంటుంది, 500 వస్తే పడిపోయిందంటుంది. ఇక్కడే తిరకాసు. హోస్టింగ్ బిల్లు కట్టక ఖాతా ఆపేస్తే, సీప్యానెల్ అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఉన్న సర్వర్లలో సందర్శకుణ్ని 'అకౌంట్ సస్పెండెడ్' పేజీకి మళ్లించే పద్ధతి ఒకటుంది. ఆ పేజీ 200 కోడ్‌తో తెరుచుకుంటుంది. మానిటర్ కళ్లకు అంతా క్షేమం.

దీనికి మందు కీవర్డ్ పరీక్ష: పేజీలో ఫలానా మాట ఉంటేనే సైట్ బాగున్నట్టు. ఉచిత ప్లాన్‌లో ఇది ఉందా లేదా అన్నది నిమిషమా ఐదా అన్నదానికంటే ముఖ్యం. కీవర్డ్‌ను హోమ్ పేజీలో కాకుండా డేటాబేస్‌ను తప్పక తాకే పేజీలో పెట్టండి. దుకాణానికైతే ఒక సరుకు పేజీలోని ధర పక్క మాట, క్లినిక్‌కైతే అపాయింట్‌మెంట్ పేజీలో డాక్టర్ల జాబితా. ఆ పేజీని క్యాష్ చేయవద్దని ప్లగిన్‌లోనూ, సైట్ కాపీలను చాలా ఊళ్ల నుంచి పంపే సీడీఎన్‌లోనూ చెప్పాలి. చెప్పకపోతే మానిటర్ చూసేది నిన్నటి పేజీనే.

తెలుగు సైట్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. 'సర్వీస్‌లు', 'ఆన్‌లైన్' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని జోడు విడదీసే అక్షరం ఒకటి ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. మీరు మానిటర్‌లో టైప్ చేసిన మాటలో అది లేక, పేజీలో ఉంటే రెండూ మనం చదవడానికి ఒకే మాటైనా మానిటర్‌కు వేర్వేరు. సైట్ బాగున్నా ఎర్రచుక్కే. కొన్ని థీములు తెలుగు అక్షరాలను అంకెల సంకేతాలుగా మార్చి పంపుతాయి, అప్పుడూ ఇదే గతి. కాబట్టి కీవర్డ్‌గా తెలుగు మాట వద్దు. పేజీ సోర్స్ తెరిచి, అందులో మారకుండా ఉండే ఇంగ్లిష్ మాటనో, సరుకు కోడ్‌నో ఎంచుకోండి. ఫుటర్‌లోని సంవత్సరం మాత్రం ఎంచుకోవద్దు. జనవరి 1 తెల్లవారుజామున మీ ఫోన్ మోగుతుంది.

ఉత్త అలర్ట్‌లకు ఇంకొన్ని కారణాలున్నాయి. కొన్ని మానిటర్లు పేజీ మొత్తం తెప్పించుకోకుండా, పై వివరాలు మాత్రమే అడిగే హెడ్ రిక్వెస్ట్ పంపుతాయి. దాన్ని ఒప్పుకోని సర్వర్ 405 ఎర్రర్ ఇస్తుంది. పేజీ మొత్తం అడిగే గెట్‌కి మార్చితే పోతుంది. ఫైర్‌వాల్ గాని, క్లౌడ్‌ఫ్లేర్ లాంటి రక్షణ సేవల బాట్ కాపలా గాని మానిటర్‌ను దొంగ అనుకుని 403, అంటే ప్రవేశం లేదని ఇవ్వడం ఇంకా ఎక్కువ. చాలా సేవలు తమ సర్వర్ల ఐపీ అడ్రస్‌ల (నెట్‌లో వాటి చిరునామా అంకెల) జాబితా ఇస్తాయి, దాన్ని అనుమతి జాబితాలో చేర్చాలి. విదేశీ ఐపీలను మొత్తంగా ఆపేసే హోస్టింగ్‌లో ఉంటే, భారత్‌లో పరీక్ష కేంద్రం లేని సేవ మీకు పనికిరాదు. ఇది కొన్నాక తెలుసుకోవలసిన విషయం కాదు.

టైమ్‌అవుట్‌నూ, అంటే జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్నదీ చూడండి. చాలా చోట్ల 30 సెకన్లు పెట్టి ఉంటుంది. 25 సెకన్లకు తెరుచుకునే సైట్ దాని లెక్కలో 'బాగుంది'. ఫోన్ పట్టుకుని నిలబడ్డ మనిషికి అది చచ్చిన సైటే. దాన్ని 10 సెకన్లకు దించండి. ముంబయి సర్వర్‌ను అమెరికా నుంచి చూస్తే రాకపోకలకే సెకనులో అయిదో వంతు పడుతుంది కాబట్టి, విజయనగరం కస్టమర్ అనుభవం తెలియాలంటే వేగం కొలతకు భారత్‌లోని కేంద్రాన్నే ఎంచుకోవాలి.

ఏ సేవ ఎవరికి

ఈ కంపెనీలు ప్లాన్లు తరచూ మారుస్తుంటాయి. కింది అంకెలను బేరానికి మొదటి మాటగా తీసుకుని, కొనే రోజు ధరల పేజీ చూసుకోండి.

అప్‌టైమ్ రోబోట్ 2010 నుంచి ఉంది, పేరు అందరికీ తెలుసు. ఉచితంగా 50 మానిటర్లు (ఒక్కో పేజీ మీద పెట్టే ఒక్కో పరీక్ష), ఐదు నిమిషాలకోసారి, కీవర్డ్ పరీక్షతో సహా. ఇంత ఉదారంగా కనిపించే ప్లాన్‌కి ఒక మెలిక: అది వ్యక్తిగత, వ్యాపారేతర వాడకానికే. శ్రీకాకుళంలో పాతిక బడులకీ, క్లినిక్‌లకీ, కల్యాణ మండపాలకీ సైట్లు చేసిపెట్టి, అన్నిటినీ ఒకే ఉచిత ఖాతాలో పెట్టుకున్న డెవలపర్లు ఈ నిబంధన ఒకసారి చదవాలి. సొంత బ్లాగుకైతే నిశ్చింతగా వాడుకోవచ్చు. నిమిషం పరీక్షలతో 10 మానిటర్ల పెయిడ్ ప్లాన్ నెలకు సుమారు 8 డాలర్లు.

హెట్రిక్స్ టూల్స్ పేరు మన దగ్గర అంతగా వినపడదు గానీ, ఉచిత ప్లాన్లలో నా ఓటు దీనికే. 15 మానిటర్లు, నిమిషానికోసారి. పైగా మీ సర్వర్ ఐపీ స్పామ్ బ్లాక్‌లిస్టుల్లో పడిందేమో కూడా చూస్తుంది. చవక షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే ఐపీ మీద వందల సైట్లుంటాయి. ఎవరో చేసిన పాపానికి మీ ఇన్వాయిస్ మెయిళ్లు స్పామ్‌లో పడుతుంటే, ఆ సంగతి ఇక్కడ బయటపడుతుంది. తెర మీద అందం తక్కువ, మొదటి గంట కాస్త తికమక పెడుతుంది.

బెటర్ స్టాక్ అందంగా ఉంటుంది. ఉచితంగా 10 మానిటర్లు, మూడు నిమిషాలకోసారి, సైట్ పరిస్థితిని కస్టమర్లకు చూపే స్టేటస్ పేజీ ఒకటి. దీని అసలు బలం ఫోన్ కాల్ చేసి లేపడం, ఒకరు ఎత్తకపోతే రెండోవారికి, తర్వాత మూడోవారికి చేయడం. అది పెయిడ్‌లోనే, మనిషికి నెలకు 30 డాలర్ల ప్రాంతంలో. రాత్రి డ్యూటీలు వేసుకునే బృందానికి ఆ డబ్బు గిట్టుబాటు. ఇద్దరు మనుషుల దుకాణానికి దండగ.

సైట్24x7 జోహో వాళ్లది. దీన్ని ఎంచుకోవడానికి పెద్ద కారణం లక్షణాల జాబితా కాదు, బిల్లు. రూపాయల్లో ధర, జీఎస్టీ ఇన్వాయిస్, భారత్‌లో పరీక్ష కేంద్రాలు. జీఎస్టీ నంబర్ ఉన్న వ్యాపారికి 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కొస్తుంది. సెట్టింగులు మాత్రం అడవిలా ఉంటాయి, చిన్న సైట్‌కి అవసరమైనవి వాటిలో పదో వంతు కూడా కాదు.

పింగ్‌డమ్ పాత కాపు, 2014లో సోలార్‌విండ్స్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. శాశ్వత ఉచిత ప్లాన్ లేదు. లాగిన్ నుంచి చెల్లింపు దాకా అంచెలంచెలుగా నడిచి చూసే పరీక్ష కావాలంటే చూడండి, లేకపోతే అక్కర్లేదు. స్టేటస్‌కేక్ ఉచితంగా 10 మానిటర్లు ఇస్తుంది, ఐదు నిమిషాలకోసారి. పై వాటిని కాదని దాన్నే తీసుకోవాల్సిన కారణం కనపడదు.

సొంతంగా నడుపుకొనే కూమా

అప్‌టైమ్ కూమా ఓపెన్ సోర్స్, 2021లో వచ్చింది. ప్రోగ్రాములను పెట్టెల్లో పెట్టి నడిపే డాకర్‌లో ఒక్క కమాండ్‌తో లేస్తుంది, 3001 పోర్టు మీద పలుకుతుంది, 20 సెకన్లకోసారి కూడా చూడగలదు, ఎన్ని మానిటర్లు పెట్టినా రూపాయి అడగదు. పాతిక సైట్లు చూసుకునే డెవలపర్‌కి లెక్క ప్రకారం ఇదే చవక: ఒక జీబీ మెమరీ ఉన్న వీపీఎస్ (అద్దె సర్వర్) నెలకు ఐదారు డాలర్లు.

ఎక్కడ పెట్టారన్నదే దీని తలరాత. ఆఫీసులో ఖాళీగా ఉన్న పాత కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. కరెంటు పోయినా, ఇంటి ఫైబర్ తెగినా కూమా దృష్టిలో పాతిక సైట్లూ ఒకేసారి పడిపోయినట్టే. ఆ కబురు చెప్పడానికి దానికి నెట్ ఉండదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విజయనగరం వైపూ అదే పరిస్థితి. మన జిల్లాల్లో అక్టోబర్ అంటే పండగ ఆర్డర్ల నెల, తుపాన్ల నెల కూడా. కాబట్టి కూమాను ఊళ్లో పెట్టొద్దు. సైట్లున్న హోస్టింగ్ కంపెనీ దగ్గరా పెట్టొద్దు. కాపలావాడు అదే ఇంట్లో పడుకుంటే, ఇల్లు అంటుకున్నప్పుడు వాడూ లోపలే ఉంటాడు.

ఇంకో మూడు జాగ్రత్తలు. డేటా ఫోల్డర్‌ను డాకర్ వాల్యూమ్‌గా బయట ఉంచకపోతే, వెర్షన్ మార్చిన రోజున చరిత్రంతా పోతుంది. రీట్రై (తప్పాక మళ్లీ ఎన్నిసార్లు చూడాలన్న) విలువ సున్నాగా వదిలేయకుండా 2 పెట్టండి. 30 సైట్లను 20 సెకన్లకోసారి చూస్తూ ఆరు నెలల చరిత్ర దాచుకుంటే డేటాబేస్ ఉబ్బి తెర తెరుచుకోవడానికే మొరాయిస్తుంది, 60 సెకన్లు, రెండు మూడు నెలలు చాలు. ఇవన్నీ అయ్యాక కూమా పేజీనే హెట్రిక్స్ టూల్స్ ఉచిత ఖాతాలో ఒక మానిటర్‌గా చేర్చండి. కాపలావాడు నిద్రపోతే లేపేవాడొకడు ఉండాలి.

ఇప్పటిదాకా చెప్పిన పరీక్షలేవీ పట్టుకోలేనిది ఒకటుంది: రాత్రి బ్యాకప్ జరగకపోవడం. సైట్ పడదు, ఎర్రర్ రాదు, మూడు నెలల తర్వాత అవసరమైన రోజున ఫైల్ ఉండదు. దీనికి తిరగేసిన పరీక్ష కావాలి. బ్యాకప్ పూర్తవగానే స్క్రిప్టే ఒక లింకును తడుతుంది, తట్టకపోతే అలర్ట్. హెల్త్‌చెక్స్ అనే సేవ ఇలాంటివి 20 దాకా ఉచితంగా చూస్తుంది. కూమాలోనూ పుష్ మానిటర్ పేరుతో ఉంది.

సర్టిఫికెట్, డొమైన్ గడువులు

సైట్ ఆగిపోవడానికి సర్వర్ చెడిపోవడం ఒక్కటే కారణం కాదు, తేదీ మర్చిపోవడం కూడా. సైట్ భద్రమైనదని బ్రౌజర్‌కు చెప్పే సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇస్తుంది, అది 90 రోజులది. గడువు దగ్గరపడిందని వాళ్లు పంపే మెయిళ్లు 2025 జూన్‌తో ఆగిపోయాయి. డబ్బిచ్చి కొన్న సర్టిఫికెట్లకూ గరిష్ఠ గడువు కుదించుకుపోతోంది: 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. ఏడాదికోసారి గుర్తుపెట్టుకుని చేయించే పద్ధతికి కాలం చెల్లింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్‌ను దానంతటదే పునరుద్ధరించే సర్ట్‌బాట్ ప్రోగ్రాం మామూలుగా 30 రోజులు మిగిలుండగానే కొత్తది తెస్తుంది. అందుకే అలర్ట్‌ను 20 రోజుల దగ్గర పెట్టండి. అది వచ్చిందంటే పది రోజులుగా పునరుద్ధరణ విఫలమవుతోందని అర్థం. 80 పోర్టు మూసేశారా, డీఎన్ఎస్ (డొమైన్ పేరును సర్వర్‌కు కలిపే చిట్టా) మార్చారా అని చూసుకోవడానికి తీరిక ఉంటుంది. అప్‌టైమ్ రోబోట్‌లో ఈ పరీక్ష పెయిడ్ ప్లాన్‌లో ఉంది. కూమాలో, హెట్రిక్స్ టూల్స్‌లో ఉచితమే.

డొమైన్, అంటే సైట్ పేరు, సంగతి మరీ విచిత్రం. సైట్ కట్టిన కుర్రాడు తన మెయిల్‌తో డొమైన్ కొంటాడు, రెండేళ్లకు బెంగళూరు వెళ్లిపోతాడు. గడువు హెచ్చరికలన్నీ అతనికే. మానిటర్‌లో డొమైన్ గడువు పరీక్ష పెట్టుకుంటే 30 రోజుల ముందు మీకు తెలుస్తుంది. అంతకంటే ముందు ఆ ఖాతా మీ పేరుకి మార్పించుకోండి.

కబురు ఎలా చేరాలి

సైట్ డొమైన్‌తోనే ఉన్న మెయిల్‌కు అలర్ట్ పెట్టడం అందరూ చేసే తప్పు. డొమైన్ పడితే మెయిలూ పడుతుంది. వేరే మెయిల్ ఇవ్వండి. ఎస్సెమ్మెస్‌కు విడిగా క్రెడిట్లు కొనాలి, విదేశం నుంచి వచ్చేవి వడపోతల్లో చిక్కుకోవడమూ మామూలే. చిన్న వ్యాపారానికి టెలిగ్రామ్ గ్రూపు సరిపోతుంది: ఖర్చు లేదు, యజమాని, డెవలపర్, కౌంటర్‌లో కూర్చునేవారు ముగ్గురూ చూస్తారు. ఆ గ్రూపుకు వేరే మోత పెట్టి, ఫోన్ నిశ్శబ్దంలో ఉన్నా మోగేలా మినహాయింపు ఇవ్వాలి. ఫోన్‌లో బ్యాటరీ పొదుపు ఆ యాప్‌ను రాత్రిపూట నిద్రపుచ్చకుండా సెట్టింగ్ మార్చాలి. ఇది చేయక, అలర్ట్ పొద్దున ఆరింటికి వచ్చిందని సేవను తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

రాత్రి రెండింటికి బ్యాకప్ నడుస్తూ సైట్ రెండు నిమిషాలు 503 ఎర్రర్ ఇస్తే ఆ సమయాన్ని మెయింటెనెన్స్‌గా గుర్తు పెట్టాలి. సేవ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే మన రెండు గంటలు అక్కడ ముందురోజు రాత్రి 8:30. ఇది తప్పితే రోజూ 'నాన్నా పులి' కథే. పదో రోజు నిజం పులి వచ్చినా ఎవరూ లేవరు.

రూపాయల్లో అసలు ఖర్చు

8 డాలర్లంటే, డాలర్ 90 రూపాయల చొప్పున 720. జీఎస్టీ నంబర్ లేని కొనుగోలుదారు దగ్గర విదేశీ సేవ 18 శాతం పన్ను వేస్తుంది: 849 రూపాయల 60 పైసలు. కార్డు మీద విదేశీ మారకం రుసుము 3.5 శాతం, దాని మీద మళ్లీ జీఎస్టీ కలిపి మరో 35. మొత్తం 885 దాకా. ధరల పేజీలో కనిపించిన అంకెకు దాదాపు 23 శాతం ఎక్కువ. జీఎస్టీ నంబర్ ఇస్తే వాళ్లు పన్ను వేయరు, రివర్స్ చార్జ్ కింద మీరే కట్టి క్రెడిట్ తీసుకోవాలి. ఆడిటర్‌కి ముందే చెప్పండి.

కార్డులో అంతర్జాతీయ చెల్లింపులు తెరిచి ఉండాలి. 2021 అక్టోబర్ 1 నుంచి కార్డు నుంచి నెలనెలా వాటంతటవే జరిగే చెల్లింపులకు ఇ-మ్యాండేట్ (బ్యాంకులో ముందస్తు అనుమతి) నమోదు తప్పనిసరి కాబట్టి, ఆ ఏర్పాటు లేని విదేశీ సేవల్లో రెండో నెలే చెల్లింపు తిరగబడుతుంది. అప్పుడు ఖాతా ఉచిత ప్లాన్‌కు దిగుతుంది, పరిమితి దాటిన మానిటర్లు ఆగిపోతాయి. సైట్ పడలేదు కాబట్టి అలర్ట్ రాదు. ఏడాదికి ఒకేసారి కడితే ఈ బెడద తగ్గుతుంది, ధరా కాస్త తగ్గుతుంది.

ఇక ఎంపిక. ఒక్క దుకాణం, ఒకటి రెండు సైట్లు అయితే హెట్రిక్స్ టూల్స్ ఉచితం, రెండు కీవర్డ్ మానిటర్లు, టెలిగ్రామ్. పొందూరు ఖద్దరు అమ్మే సంఘమో, రాజాం నుంచి సరుకు పంపే వ్యాపారో, జీఎస్టీ బిల్లు కావాలంటే సైట్24x7 చిన్న ప్లాన్. పది దాటి సైట్లు చూసే డెవలపర్‌కి సర్వర్ నడపడం వస్తే కూమా, రాకపోతే అప్‌టైమ్ రోబోట్‌లో పదికి మించి మానిటర్లున్న పెయిడ్ ప్లాన్. ఆ ఖర్చును సైట్ల మధ్య పంచి కస్టమర్ల వార్షిక నిర్వహణ బిల్లులో కలిపితే ఎవరూ కాదనరు.

డబ్బు కట్టే ముందు వారం రోజులు రెండు సేవలను పక్కపక్కన నడపండి. సైట్‌లో ఉత్తుత్తి పేజీ ఒకటి పెట్టి, దాని మీద మానిటర్ వేసి, రాత్రి పదిన్నరకు ఫోన్ పక్కన పెట్టాక ఆ పేజీని తీసేయమని వేరేవాళ్లకి చెప్పండి. తీసేసిన నిమిషం వాళ్లు రాసుకోవాలి, ఫోన్ మోగిన నిమిషం మీరు రాసుకోవాలి. రెండో రాత్రి కీవర్డ్ మాత్రమే మార్చి మళ్లీ చూడండి. ఈ రెండు కాగితాల మీది తేడా ఏడు నిమిషాలు దాటిన సేవకు కార్డు నంబర్ ఇవ్వొద్దు.